అడవికి వెళ్లేవారు ఇంట్లో వదిలి వెళ్లాల్సిన కాగితం

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నల్లమలలో కొన్నాళ్లు ఒంటరిగా బతకాలనుకునేవారిని నేను వద్దనను. మెట్రో రైల్లో నిలబడి 'ఇదంతా ఎందుకు' అనుకున్న సాయంత్రాలు నాకూ ఉన్నాయి. ఆ ప్రశ్నతోనే మన్ననూరు దగ్గర ఒక ఊళ్లో ఆరు నెలలు ఉన్నాను. ఎండాకాలం రాబోతోంది కాబట్టి, మూట కట్టుకునే ముందు ఇది చదవండి.

మొదటి మాట, అడవి లోపల ఉండాలనుకోకండి. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్లడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంటలనే అడవి గూడేల్లో ఉండే చెంచులకు అది తాతముత్తాతల నేల, మనకు కాదు. వాళ్ల గడప ముందుకు పిలవని చుట్టంలా వెళ్లి జ్ఞానం అడగడం కూడా సబబు కాదు. అడవి అంచున, అచ్చంపేట వైపు ఏదైనా ఊళ్లో గది అద్దెకు తీసుకోండి. శ్రీశైలం రోడ్డు అడవిలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసి ఉంటుందని గుర్తుంచుకోండి. రాలిన ఆకుల మీద నిప్పు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వెలిగించవద్దు.

పులి గురించి అందరూ అడుగుతారు. నన్ను భయపెట్టింది కట్లపాము. రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవారి పక్కలోకి వస్తుంది. కాటు దోమ కుట్టినట్టే ఉంటుంది, చాలాసార్లు నిద్ర కూడా చెదరదు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతాయి. కాటు గుర్తు కనబడలేదని ఊరుకోకండి. కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం, నాటుమందు, ఏవీ వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పాము విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లాలి. అది ఏ ఆసుపత్రిలో ఉందో వెళ్లిన మొదటి రోజే కనుక్కోండి. మంచం మీద పడుకోండి. దోమతెర అంచులు పరుపు కిందికి నలువైపులా దోపండి. నేను ప్రతి రాత్రీ టార్చి వేసి ఆ నాలుగు మూలలూ తడిమి చూసేవాణ్ని.

వేసవిలో వాగులు ఎండిపోతాయి. చెలమ తవ్వితే ఊరే గుక్కెడు నీటి కోసం జంతువులూ వస్తాయి కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అటు వెళ్లకండి. జూన్ తర్వాత సంగతి వేరు. అదే వాగు ఒక్క పూటలో పొంగుతుంది.

ఈ పొంగు గురించే ఒక కుర్రవాడు నాకు పదేపదే గుర్తొస్తాడు. క్రిస్టఫర్ మెక్‌కాండ్లెస్‌కు 24 ఏళ్లు. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని అలాస్కా అడవిలోకి ఒంటరిగా వెళ్లాడు. జూలైలో తిరిగి రావాలనుకునేసరికి, వెళ్లేటప్పుడు దాటిన నది ఉప్పొంగి ఉంది. కిలోమీటరు కూడా లేని దూరంలో నదిపై తీగకు వేలాడే తొట్టి ఉంది. సరైన పటం లేక ఆ సంగతి అతనికి తెలియలేదు. ఆగస్టులో ఆకలితో చనిపోయాడు. ఎక్కడున్నాడో ఇంట్లోవారికి తెలియదు. మృతదేహం సెప్టెంబరులో వేటగాళ్ల కంట పడింది. అతని తపనను నేను ఎప్పుడూ తప్పుపట్టను. కానీ ఆ తల్లిని తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

ఊరు వదిలే ముందు డబ్బు సంగతి కూడా చూసుకోండి. ఉద్యోగంతో పాటే కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది. సొంత పాలసీకి ప్రమాదాలు మినహా మొదటి 30 రోజులు రక్షణ ఉండదు కాబట్టి రాజీనామాకు ముందే తీసుకోండి.

ఒంటరితనం మూడో వారంలో కమ్ముకుంది నన్ను. అన్నం వండుకోబుద్ధి కాని రోజులు వరసగా వస్తే, దాన్ని వైరాగ్యమని పొరబడకండి. 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ వారు తెలుగులోనే మాట్లాడతారు.

ఇక ఆ కాగితం. ఉండే ఊరు, ఇంటి యజమాని ఫోను నంబరు, దగ్గరి ఆసుపత్రి, తిరిగి వచ్చే తేదీ రాసి అమ్మ చేతికి ఇవ్వండి. నా కాగితంలో చివరి వాక్యం ఇది: "ఆదివారం సాయంత్రం ఆరింటికి నా ఫోను రాకపోతే, సోమవారం దాకా ఆగకు. ఇంటాయనకు ఫోను చెయ్యి, ఆయన వచ్చి నా తలుపు తడతాడు."