ఇంటి నమూనా రైలు మార్గం: పొడిగింపు, చిత్రీకరణ

నమూనా రైలు మార్గాన్ని పొడిగించదలచినవారు కొత్త పట్టాలు పరచడానికి ముందే పాత బల్లనూ కొత్త బల్లనూ ఒకే మట్టానికి తెచ్చి బోల్టులతో గట్టిగా బిగించాలి. అతుకు దగ్గర ఏమాత్రం ఎగుడుదిగుడు ఉన్నా పెట్టెలు సరిగ్గా అక్కడే పట్టాలు తప్పుతాయి. 1:87 నిష్పత్తి గల హెచ్‌ఓ స్కేలులో పొడవైన ప్రయాణికుల పెట్టెలు నడపాలంటే వంపు వ్యాసార్ధం 60 సెంటీమీటర్లకు తగ్గకపోవడం మేలు. పట్టాల ఎత్తు పెరుగుదల మీటరుకు 2 సెంటీమీటర్లు మించకూడదు.

విద్యుత్తు విషయంలో పొదుపు పనికిరాదు. పట్టాలను కలిపే జాయినర్లు కాలక్రమంలో వదులై విద్యుత్తును సరిగా అందించలేవు కనుక, సుమారు మీటరుకొకటి చొప్పున విద్యుత్తును అందించే ఫీడరు తీగలను పట్టాలకు టంకం వేసి, బల్ల కింద సాగే లావుపాటి ప్రధాన తీగకు కలపాలి. గుట్టలు, చెట్లు అమర్చే ఉత్సాహాన్ని కాస్త ఆపుకొని, ముందుగా రైలును ముందుకూ వెనక్కూ నిదానంగా నడిపి చూడాలి.

చిత్రీకరించేటప్పుడు కెమెరాను పైనుంచి కాక, నమూనా మనిషి కంటి ఎత్తులో నిలపాలి. దగ్గరి వస్తువులూ దూరపువీ ఒకేసారి స్పష్టంగా కనబడాలి కాబట్టి, చిన్న సెన్సారు గల ఫోనే ఇక్కడ చాలాసార్లు పెద్ద కెమెరా కన్నా నయం. ఫోకసునూ వెలుతురు స్థాయినీ ముందే లాక్ చేయాలి. దీపాల మినుకు వీడియోలో కనిపిస్తే, 50 హెర్ట్జ్ సరఫరా ఉన్నచోట షట్టరును సెకనులో 1/50 లేదా 1/100 వంతుకు మార్చాలి. వీడియో సహజంగా కనిపించకపోతే, అసలు లోపం తరచుగా రైలు మితిమీరిన వేగంలోనే ఉంటుంది: నిజమైన రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగం హెచ్‌ఓలో సెకనుకు సుమారు 19 సెంటీమీటర్లు మాత్రమే.