పాత మోటర్‌తో పొలం దగ్గర గాలిమర: రెక్కలు కోసే ముందు మోటర్‌ని పరీక్షించండి

మామూలు సీలింగ్ ఫ్యాన్, టేబుల్ ఫ్యాన్, బోరు మోటర్, మిక్సీ... వీటిలో ఏ మోటర్‌ని ఎంత తిప్పినా కరెంటు రాదు. లోపల శాశ్వత అయస్కాంతాలు ఉండవు, బయటి నుంచి కరెంటు ఇస్తేనే అందులో అయస్కాంత శక్తి పుడుతుంది. ఈ సంగతి తెలియక ఫ్యాన్ మోటర్ కొని, రెక్కలు బిగించి, పైప్ మీదికి ఎక్కించాక ఏమీ రాలేదని వదిలేసేవాళ్లే ఎక్కువ. కాబట్టి అసలు పని స్క్రాప్ దుకాణంలోనే మొదలవుతుంది.

అడగాల్సినవి ఇవి: పాడైన ఎలక్ట్రిక్ స్కూటర్ వెనక చక్రం మోటర్ (హబ్ మోటర్ అంటారు), ట్రెడ్‌మిల్ డీసీ మోటర్, డైరెక్ట్ డ్రైవ్ వాషింగ్ మెషిన్ మోటర్, బోర్డు కాలిపోయిందని పక్కన పడేసిన బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో నడిచే ఈ రకంలో శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి). హనుమకొండ, కాజీపేట వైపు ఎలక్ట్రిక్ బండ్లు రిపేర్ చేసేవాళ్లను కూడా అడగండి. బ్యాటరీ చచ్చిపోయి మూలకు పడ్డ బండిలో మోటర్ మాత్రం బాగానే ఉంటుంది.

మోటర్ చేతికి రాగానే దాని పెద్ద వైర్లు మూడింటినీ (డీసీ మోటర్ అయితే రెండింటినీ) ఒకదానికొకటి కలిపి షాఫ్ట్ తిప్పి చూడండి. కలపకముందు తేలిగ్గా తిరిగింది కలిపాక బిగుసుకుపోతే అయస్కాంతాలు, కాయిల్ రెండూ బాగున్నట్టే. తేడా ఏమీ లేకపోతే తీసుకోవద్దు. హబ్ మోటర్‌లో వేళ్లంత లావు కాకపోయినా లావుగా కనిపించే పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లే మనకు కావాలి, పక్కన సన్నగా వచ్చే అయిదు వైర్లు సెన్సర్లవి, వాటిని కత్తిరించి టేపు చుట్టేయొచ్చు.

రెండో పరీక్ష ఇంకా ముఖ్యం. మూడు వైర్ల మోటర్‌కి త్రీ ఫేజ్ బ్రిడ్జ్ రెక్టిఫైయర్ (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల దిమ్మ) పెట్టి, మల్టీమీటర్‌ని డీసీ వోల్ట్స్‌లో ఉంచి, సెకనుకు ఒక చుట్టు చొప్పున, అంటే నిమిషానికి 60 చుట్లు, చేత్తో తిప్పండి. మీటర్ 3 వోల్టులు, అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ మోటర్ మన గాలికి సరిపోతుంది. అర వోల్టు, ఒక వోల్టు చూపించేది ఎంత పెద్దదైనా, ఎంత చవకైనా వద్దు.

ఎందుకంటే మన దగ్గర గాలి తక్కువ. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి బాగానే కొడుతుంది, చలికాలంలో మాత్రం చాలా రోజులు ఆకు కదలదు. గాలిలో ఉండే శక్తి వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం రెండింతలైతే శక్తి ఎనిమిదింతలు అవుతుంది. మీటరున్నర అడ్డుకొలత ఉన్న రెక్కలకు సెకనుకు 3 మీటర్ల గాలిలో చేతికొచ్చేది 6 వాట్లు, 5 మీటర్ల గాలిలో 30 వాట్ల దగ్గర. దీంతో ఇల్లంతా నడపాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది. బావికాడ రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జింగ్, మక్క చేనులోకి అడవిపందులు రాకుండా పెట్టే 12 వోల్టుల ఫెన్సింగ్ మిషన్, వీటికైతే ఇది నిజంగా పనికొస్తుంది. పైగా వానకాలంలో మబ్బు పట్టి సోలార్ ప్లేటు నీరసపడ్డ రోజుల్లోనే గాలి ఎక్కువ, అందుకే నేను రెండూ కలిపి పెట్టుకోమంటాను. (ఫెన్సింగ్ అంటే బ్యాటరీ మీద నడిచే మిషన్ మాత్రమే. మెయిన్ కరెంటు తీగను నేరుగా చేను చుట్టూ కట్టడం మనుషుల ప్రాణాలు తీస్తుంది, అది నేరం కూడా.)

మీటరున్నర రెక్కలు 5 మీటర్ల గాలిలో నిమిషానికి సుమారు 320 చుట్లు తిరుగుతాయి. 12 వోల్టుల బ్యాటరీ చార్జ్ కావాలంటే డయోడ్లలో పోయేది కలుపుకొని 14 వోల్టులు పుట్టాలి. ఇప్పుడు ట్రెడ్‌మిల్ మోటర్ ప్లేటు మీద 130 వోల్ట్, 6500 ఆర్పీఎం అని ఉంటే ఒక్కో వోల్టుకు 50 చుట్లు కావాలి, 320 చుట్లకు 6 వోల్టులే వస్తాయి, బ్యాటరీలోకి ఒక్క చుక్క కూడా ఎక్కదు. అదే 180 వోల్ట్, 4000 ఆర్పీఎం అని ఉంటే 22 చుట్లకే వోల్టు, సరిగ్గా అంచున పనిచేస్తుంది. స్కూటర్ హబ్ మోటర్ 12 చుట్లకే ఒక వోల్టు దాకా ఇస్తుంది, మనకు అన్నింటికంటే ఇదే మేలు. దానికి 12 వోల్టుల బ్యాటరీ పెడితే గాలి పెరిగినప్పుడు రెక్కలు పట్టేసినట్టు నెమ్మదిస్తాయి, కాబట్టి రెక్కల అడ్డుకొలత 2 మీటర్లకు పెంచండి, లేదా రెండు బ్యాటరీలు సిరీస్‌లో వేసి 24 వోల్టులు చేయండి. బీఎల్‌డీసీ ఫ్యాన్ మోటర్ చిన్నది, దానికి మీటరు అడ్డుకొలత చాలు, 10, 15 వాట్ల కంటే ఆశ పెట్టుకోవద్దు.

ఇండక్షన్ మోటర్ (మామూలు ఫ్యాన్, బోరు మోటర్ల రకం) లోపల తిరిగే రోటర్‌ని లేత్ మీద చెక్కించి నియోడిమియం అయస్కాంతాలు అంటించే పద్ధతి ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ అయస్కాంతాల ధర, లేత్ కూలీ కలిపితే పాత హబ్ మోటర్ కంటే ఎక్కువే అవుతుంది. లేత్ షాపు మీదే అయితే తప్ప అటు పోవద్దు.

రెక్కలకు బోరు వేసినప్పుడు మిగిలిన కేసింగ్ పైపు ముక్క చాలు. పైపు అడ్డుకొలత రెక్క పొడవులో అయిదో వంతు ఉండాలి, అంటే 75 సెంటీమీటర్ల రెక్కకు 160 మిల్లీమీటర్ల పైపు సరిపోతుంది. పైపును నిలువునా నాలుగు బద్దలు చేయండి, మూడు వాడి ఒకటి దాచుకోండి. ప్రతి బద్దా మొదట్లో 12 సెంటీమీటర్ల వెడల్పు, చివర 4, 5 సెంటీమీటర్లు ఉండేలా ఒక అంచును ఏటవాలుగా కోయాలి, రెండో అంచు తిన్నగా ఉంచాలి. గాలిని కోసుకుంటూ ముందు నడిచేది తిన్నటి అంచు, దాన్ని ఆకురాయితో గుండ్రంగా చేయండి. వెనక అంచును మాత్రం పలచగా, పదునుగా తీయండి. ఈ ఒక్క పనికి ఒక పూట పట్టినా పట్టనివ్వండి, ఇక్కడ తొందరపడితే చప్పుడు ఎక్కువ, కరెంటు తక్కువ. తర్వాత మూడింటినీ కిరాణా కాటా మీద తూచి బరువు సమానం చేయండి, బిగించాక కొసకూ కొసకూ మధ్య దూరం మూడు వైపులా ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఊగిసలాటకు బేరింగ్, పైపు రెండూ పోతాయి. ఎండకు పీవీసీ పెళుసుగా మారుతుంది కాబట్టి పెయింట్ వేయండి. పాత సీలింగ్ ఫ్యాన్ రెక్కలు మాత్రం వాడొద్దు, గాలిని తోయడానికి చేసిన రేకులవి, పెద్ద గాలికి విరిగి ఎగిరితే మనిషికి తగులుతాయి.

హబ్ మోటర్‌లో ఇరుసు కదలదు, బయటి డొల్ల తిరుగుతుంది. డిస్క్ బ్రేక్ బిగించే బొక్కలకు 6 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు వేసి రెక్కలను నైలాక్ నట్లతో దానికి బిగించండి, ఇరుసును ఫ్రేమ్‌కి పట్టించండి. ఫ్రేమ్ స్తంభం మీద స్వేచ్ఛగా తిరగాలి, వెనక రెక్క పొడవంత తోక ఉండాలి. మోటర్‌ని స్తంభం మధ్యగీతకు 6, 7 సెంటీమీటర్లు పక్కకు జరిపి, తోకను కాస్త వాలుగా పెట్టిన బందు మీద వేలాడదీస్తే గాలిదుమారం వచ్చినప్పుడు మర దానంతటదే పక్కకు తిరిగిపోతుంది. వెల్డింగ్ చేసేవాళ్లకు ఈ కొలత కాగితం మీద గీసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే మధ్యలోనే అతికిస్తారు.

స్తంభాన్ని ఇంటి డాబా మీద పెట్టకండి. గోడలకు తగిలిన గాలి సుడులు తిరుగుతుంది, రాత్రంతా స్లాబు గుయ్‌మంటుంది. పడమర, నైరుతి వైపు చెట్లు లేని గట్టు చూసుకోండి, చుట్టుపక్కల 100 మీటర్లలో ఉన్న ఎత్తైన చెట్టు కంటే 9 మీటర్లు పైన ఉంటే మేలు, అంత కుదరకపోతే కుదిరినంత. జీఐ పైపు కింద బందు పెట్టి నాలుగు వైపులా స్టే వైర్లు కట్టండి, అప్పుడు రిపేర్‌కి పైకి ఎక్కాల్సిన పని లేకుండా పైపునే పడుకోబెట్టొచ్చు. పడినా కరెంటు తీగల మీద పడనంత దూరం తప్పనిసరి.

వైరు విషయంలో పిసినారితనం వద్దు. 20 మీటర్ల దూరానికి 5 ఆంపియర్లు పోతుంటే 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో వోల్టున్నర పోతుంది, 4 ఎంఎంలో అయితే ఒక వోల్టు లోపే. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టండి. డీసీ మోటర్ వాడితే మధ్యలో డయోడ్ ఉండాలి, లేకపోతే గాలి లేనప్పుడు బ్యాటరీయే దాన్ని ఫ్యాన్‌లా తిప్పుతుంది.

మామూలు సోలార్ కంట్రోలర్‌ని దీనికి కలపకండి. బ్యాటరీ నిండగానే అది లైన్ తెంచేస్తుంది, లోడు లేని రెక్కలు అదుపు తప్పి తిరుగుతాయి. 14.4 వోల్టులు దాటగానే కరెంటును కారు హెడ్‌లైట్ బల్బులకు మళ్లించే రిలే కంట్రోలర్ కావాలి, 55 వాట్ల బల్బులు నాలుగు చాలు, 24 వోల్టులకు లారీ బల్బులు వేయండి. రెక్టిఫైయర్‌కి ముందు మూడు వైర్లనూ ఒకటి చేసే స్విచ్ ఒకటి పెట్టుకోండి, అదే బ్రేకు. ఆకాశం నల్లబడ్డప్పుడే దాన్ని వేయాలి, దుమారం మొదలయ్యాక వేస్తే కాయిల్ కాలిపోవచ్చు.

పైనుంచి దిగే వైరు స్తంభం లోపల మెలి తిరుగుతుంది. దానికి స్లిప్ రింగులు (తిరుగుతూనే కరెంటు అందించే రింగులు) అక్కర్లేదు, కింద ఒక ప్లగ్ పెట్టి కొన్ని నెలలకోసారి బ్రేకు వేసి, ఊడదీసి, మెలికలు విప్పితే చాలు, అదే పనిలో పనిగా రెక్కల నట్లు, స్టే వైర్ల బిగువు కూడా చూసుకోండి.