నెలలు నిండని బిడ్డకు తల్లి ఎదే వెచ్చదనం

అమలాపురం చుట్టుపక్కల బాలింతల ఇళ్లకు వెళ్లే నర్సుగా చెబుతున్నాను: నెలలు నిండని బిడ్డ దగ్గర నిప్పుల కుంపటి పెట్టకండి, ఆ పొగ ఊపిరితిత్తులకు చేటు. టోపీ, మేజోళ్లు, లంగోటీ మాత్రమే ఉంచి, బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా, చర్మానికి చర్మం తగిలేలా ఆనించండి. తల పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకెత్తి ఉంచాలి; మెడ ముందుకు వాలితే ఊపిరాడదు. కాళ్లు కప్పకాళ్లలా మడిచి, కట్టికట్టి మెత్తబడిన బండారులంక నేతచీరతో చెవి కింది దాకా చుట్టండి. ముక్కు, నోరు ఎప్పుడూ కనబడాలి. రోజుకు కనీసం 8 గంటలు. ఎంత ఎక్కువైతే అంత మేలు. తల్లి స్నానానికి లేస్తే తండ్రి ఎత్తుకోవచ్చు. మామ్మగారూ, దయచేసి అడ్డు చెప్పకండి! ఇలా ఉంచినా పాదాలు చల్లగానే ఉంటే, పాలు తాగకపోతే, ఎగఊపిరి వస్తుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, దారిలోనూ ఎదపైనే ఉంచి.