సెయింట్ థామస్‌లో చేపల వేటకు పడవ మాట్లాడుకుంటున్నారా? పర్మిట్ కెప్టెన్‌ది, 797-ఏ మీది

"పర్మిట్లు కూడా తీసేసుకున్నాం అన్నా, మనిషికి 40 డాలర్లు" అని తెలిసిన తమ్ముడొకడు ఫోన్‌లో చెప్పినప్పుడే నాకు అనుమానం వచ్చింది. డల్లాస్ నుంచి రెండు కుటుంబాలు, పిల్లలతో కలిపి 8 మంది. అమెరికా వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లో నాలుగు రోజులు, అందులో ఒక పూట సముద్రంలో చేపల వేట. పడవ, పర్మిట్లు అన్నీ ఆన్‌లైన్‌లో దొరికిన ఏజెంటే చూసుకున్నాడు. తీరా రేవుకి వెళ్తే కెప్టెన్ తలలు లెక్కపెట్టి, 6 మందికి మించి ఎక్కించనన్నాడు. ఇద్దరు ఒడ్డునే ఉండిపోయారు. పర్మిట్ కాగితాలు చూపిస్తే ఆయన నవ్వి, జేబులో పెట్టుకోమన్నాడు. అంతటితో అయిపోతే బాగుండేది. తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో ఇంకొకటి తగిలింది, 797-ఏ అనే ఇమిగ్రేషన్ కాగితం గొడవ, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ముందు పర్మిట్ సంగతి తేల్చేద్దాం, ఇది చిన్నదే. ట్యూనా, మార్లిన్, సెయిల్‌ఫిష్, స్వోర్డ్‌ఫిష్, షార్క్ లాంటి సముద్రాలు దాటి తిరిగే చేపల్ని అమెరికా ప్రభుత్వం 'హైలీ మైగ్రేటరీ స్పీసీస్', పొట్టిగా హెచ్ఎంఎస్ అంటుంది. మన విశాఖ రేవులో కొమ్ముకోనాం అంటారు చూడండి, మార్లిన్ ఆ జాతే. వీటిని పట్టాలంటే సముద్రం, వాతావరణం సంగతులు చూసే ప్రభుత్వ సంస్థ నోవా ఇచ్చే హెచ్ఎంఎస్ పర్మిట్ ఉండాలి. ఆ పర్మిట్ పడవకి ఇస్తారు, మనిషికి కాదు. డబ్బు తీసుకుని జనాన్ని తీసుకెళ్లే పడవకి ఉండాల్సింది 'చార్టర్/హెడ్‌బోట్' పర్మిట్. ఆ పడవ ఎక్కినవాళ్లందరూ దాని కిందికే వస్తారు. కాబట్టి మనిషికింత అని ఎవరైనా ఫెడరల్ ట్యూనా పర్మిట్ అమ్మితే ఇక మాట్లాడటం అనవసరం, ఆ సైటు మూసేయండి.

మీకే సొంత పడవ ఉన్నా, పడవ అద్దెకి తీసుకుని మీరే నడుపుతున్నా లెక్క వేరు. అప్పుడు 'యాంగ్లింగ్', అంటే సరదాగా గాలం వేసేవాళ్ల కేటగిరీ పర్మిట్ కావాలి. దరఖాస్తు హెచ్ఎంఎస్‌పర్మిట్స్ డాట్ నోవా డాట్ గవ్ సైట్లో చేసుకోవచ్చు. పడవ రిజిస్ట్రేషన్ నంబరు దగ్గర పెట్టుకుని కూర్చుంటే ఎక్కువ సేపు పట్టదు. ఏడాదికోసారి కొత్తగా తీసుకోవాలి, ఏ నెలలో తీసుకున్నా డిసెంబరు 31తో అయిపోతుంది. కేటగిరీ తప్పుగా ఎంచుకుంటే 45 రోజుల్లోపు మార్చుకోవాలి, ఆ తర్వాత ఆ ఏడాదికి అంతే. సైటు చిరునామా చివర 'గవ్' ఉందో లేదో చూశాకే కార్డు నంబరు కొట్టండి.

తీరం నుంచి 3 నాటికల్ మైళ్ల లోపల దీవుల సొంత ప్రభుత్వ నిబంధనలు నడుస్తాయి. అవి చూసేది అక్కడి ప్లానింగ్ అండ్ నేచురల్ రిసోర్సెస్ శాఖ. ఒడ్డున నిలబడి మీరే గాలం వేయాలనుకుంటే ఆ శాఖని అడిగి వేయండి. చార్టర్ పడవైతే "మేమంతా మీ లైసెన్సు కిందికి వస్తామా?" అని కెప్టెన్‌కి మెసేజ్ పెట్టి, జవాబు దాచుకోండి. ఫోన్లో చెప్పిన మాట రేవు దగ్గర గుర్తుండదు.

ఆరుగురు అంటే చంటిపిల్లతో కలిపి ఆరుగురు

మామూలు చేపల చార్టర్ పడవలు కోస్ట్‌గార్డ్ తనిఖీ సర్టిఫికెట్ లేని రకం. వాటిలో డబ్బు కట్టి ఎక్కేవాళ్లు 6 మందికి మించకూడదు. అందుకే వాటిని 'సిక్స్ ప్యాక్' అంటారు. ఒడిలో పిల్ల ఉన్నా ఒక తల కిందే లెక్క. అంతకన్నా ఎక్కువమందిని ఎక్కించే పడవకి కోస్ట్‌గార్డ్ ఇచ్చిన 'సర్టిఫికెట్ ఆఫ్ ఇన్‌స్పెక్షన్' ఉండాలి. కొన్ని పెద్ద యాట్లకి ఈ దీవుల్లో ప్రత్యేక మినహాయింపులున్నాయి గానీ, మాకు ఉంది అన్నవాళ్లు కాగితం చూపించాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. "8 మందైనా పర్లేదు, ఈ ఫారం మీద సంతకం పెట్టండి" అని ఒక కాగితం తోస్తారు. పైన 'బేర్‌బోట్ చార్టర్ అగ్రిమెంట్' అని ఉంటుంది. దానర్థం పడవని ఖాళీగా మీకు అద్దెకి ఇచ్చారు, ఆ పూటకి దాని బాధ్యత మీది, కెప్టెన్‌ని పెట్టుకున్నదీ మీరే అని. నిజమైన బేర్‌బోట్ అయితే కెప్టెన్‌ని ఎంచుకునే స్వేచ్ఛ మీకు ఉంటుంది. "మా కెప్టెనే వస్తాడు, వేరేవాళ్లు కుదరదు" అంటే అది బేర్‌బోట్ కాదు, 6 మంది లెక్క తప్పించుకునే వేషం. ఏదైనా జరిగితే ఇన్సూరెన్సు వాళ్లు మొదట అడిగేది ఆ సంతకం ఎవరిదనే. రెండు కుటుంబాలుంటే రెండు పడవలు మాట్లాడుకోండి. ఖర్చు పెరుగుతుంది, కాదనను.

కెప్టెన్‌కి కోస్ట్‌గార్డ్ లైసెన్సు ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. నిజంగా ఉన్నవాడు ఆ ప్రశ్నకి చిన్నబుచ్చుకోడు. ఆ లైసెన్సు చెల్లుతుందో లేదో చూసుకునే వీలు కోస్ట్‌గార్డ్ సైట్లోనే ఉంది.

ఇక మీ కాగితం

సెయింట్ థామస్, సెయింట్ జాన్, సెయింట్ క్రోయ్ దీవుల్ని అమెరికా 1917లో డెన్మార్క్ దగ్గర కొనుక్కుంది. ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం అవి అమెరికాలో భాగమే. అందుకే హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉండి, పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినవాళ్లు కూడా నిక్షేపంగా వెళ్లిరావచ్చు. ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో బాగా తిరుగుతుంది, నిజమే కూడా. గ్రూపుల్లో తిరగని రెండో సగం ఏమిటంటే, కస్టమ్స్ లెక్కలో మాత్రం ఈ దీవులు బయటివి. తిరిగొచ్చేటప్పుడు సెయింట్ థామస్ ఎయిర్‌పోర్టులో గేటుకి వెళ్లేలోపు ప్రతి ప్రయాణికుడూ సీబీపీ (సరిహద్దు, కస్టమ్స్ తనిఖీ శాఖ) అధికారి ముందు నిలబడాలి. ఏ దేశ పౌరులు, ఏ స్టేటస్‌లో ఉన్నారు అని అడుగుతారు. ప్యూర్టో రికో నుంచి వచ్చేటప్పుడు బ్యాగుల్లో పళ్లూ మొక్కలూ ఉన్నాయా అని చూస్తారు గానీ, అందరికీ ఇలాంటి వరుస ఉండదు. కాబట్టి "మేం శాన్ హువాన్ వెళ్లొచ్చాం, ఎవరూ ఏమీ అడగలేదు" అనే అనుభవం ఇక్కడ పనికిరాదు.

మా తమ్ముడు పాస్‌పోర్టు తీసుకెళ్లాడు, అంతవరకు తెలివిగానే ఉన్నాడు. దాంతోపాటు సీబీపీ సైటు నుంచి తీసిన ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ప్రింటు కూడా పెట్టుకున్నాడు. ఆ ప్రింటులో తేదీ ఏడాది క్రితమే అయిపోయింది. అది చూసి అధికారి పక్కకి కూర్చోమన్నాడు. వీడికి కాళ్లూ చేతులూ ఆడలేదు.

నిజానికి వాడి స్టేటస్‌లో ఏ లోపమూ లేదు. జరిగింది ఇది. మీరు చివరిసారి విదేశం నుంచి వచ్చినప్పుడు ఇచ్చిన ఐ-94 సీబీపీ సైట్లో కనిపిస్తుంది. ఆ తర్వాత దేశంలోనే ఉండి హెచ్-1బి పొడిగించుకుంటే, కొత్త ఐ-94ని ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే శాఖ యూఎస్‌సీఐఎస్ ఇస్తుంది. అది మామూలుగా ఆ సైటులోకి ఎక్కదు. ఐ-797ఏ అప్రూవల్ నోటీసు అడుగున, చింపుకునే ముక్కలా ఉంటుంది చూడండి, అదే మీ అసలు ఐ-94. చాలామంది అదేదో రసీదు అనుకుని ఫైల్లో పడేస్తారు. కొంతమందికైతే ఆ కాగితం లాయరు దగ్గరో, కంపెనీ హెచ్ఆర్ దగ్గరో ఉండిపోతుంది, వీళ్ల దగ్గర మసక స్కాన్ మాత్రమే ఉంటుంది. స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లకుండా ఏళ్ల తరబడి ఇక్కడే పొడిగించుకుంటూ వచ్చినవాళ్లందరి పరిస్థితీ ఇదే. సెయింట్ థామస్ ఎక్కువగా ఎంచుకునేదీ వీళ్లే.

కాబట్టి టికెట్లు బుక్ చేయకముందే 797 బయటికి తీయండి. పైన ఐ-797ఏ అని ఉందా, ఐ-797బి అని ఉందా చూడండి. 'బి' అయితే అడుగున ఐ-94 ఉండదు. అలాంటప్పుడు మీ స్టేటస్ ఏ కాగితం మీద నిలబడి ఉందో కంపెనీ లాయరుని అడిగి తెలుసుకోండి. హెచ్-4 మీద ఉన్న భార్యకో భర్తకో, పిల్లలకో వేరే నోటీసులు ఉంటాయి, అవి కూడా కావాలి. ఇంకొకటి, దేశంలోకి వచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే, ఐ-94ని ఆ గడువు దాకానే ఇచ్చి ఉంటారు. 797 మీద తేదీ చూసి ధైర్యంగా ఉన్నవాళ్లు ఈ తేడా దగ్గరే దెబ్బతింటారు. రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి, ఏది తర్వాత ఇచ్చిందో చూసుకోండి. సైటు నుంచి ఐ-94 తీసుకోవడం ఉచితం, దానికి డబ్బు అడిగే సైటు ప్రభుత్వానిది కాదు.

తమ్ముడి విషయంలో, కూర్చోబెట్టినవాళ్లు కంప్యూటర్లో చూసి, వివరం దొరికాక మర్యాదగానే పంపేశారు. అప్పటికి విమానం వెళ్లిపోయింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అసలు కార్డు తీసుకెళ్తే చాలు. ఫొటో కాదు, కార్డు.

పడవ ఎటు వెళ్తుందో అడిగారా?

కాగితాలన్నీ ఉన్నా పడవ వల్ల ఇరుక్కునే దారి ఒకటుంది. సెయింట్ థామస్‌కి ఉత్తరాన సుమారు 20 మైళ్ల దూరంలో సముద్రం అడుగు ఒక్కసారిగా లోతుకి పడిపోతుంది. దాన్ని 'నార్త్ డ్రాప్' అంటారు. వేసవిలో నీలి మార్లిన్ కోసం ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. 1977లో సెయింట్ థామస్ దగ్గర పట్టిన 1,282 పౌండ్ల మార్లిన్ ఏళ్ల తరబడి అట్లాంటిక్ రికార్డు. చిక్కేమిటంటే, ఆ డ్రాప్‌లో ఎక్కువ భాగం బ్రిటిష్ వర్జిన్ దీవుల జలాల్లో ఉంది. అక్కడ గాలం వేయాలంటే పడవకి వాళ్ల లైసెన్సు కూడా ఉండాలి.

అంతకన్నా ప్రమాదం, కెప్టెన్ సరదాగా "లంచ్‌కి జాస్ట్ వాన్ డైక్‌లో ఆపుదామా?" అనడం. అది బ్రిటిష్ దీవి, చూస్తే పక్కనే ఉంటుంది. అక్కడ దిగితే మీరు అమెరికా దాటినట్టే, తిరిగి రావడం కొత్తగా ప్రవేశించడమే. హెచ్-1బి వాళ్లకి స్టాంపు గడువు తీరినా తిరిగి రానిచ్చే వెసులుబాటు ఒకటుంది, దాన్ని ఆటోమేటిక్ రీవాలిడేషన్ అంటారు. కెనడా, మెక్సికోలకి 30 రోజుల్లోపు వెళ్లొస్తే అది పనిచేస్తుంది. ఇలాంటి విదేశీ దీవులకి వెళ్తే ఎఫ్-1 (విద్యార్థి), జె-1 (ఎక్స్చేంజ్) వీసా వాళ్లకి షరతులతో ఉంది గానీ, హెచ్-1బికి లేదు. 797 ఎంత కొత్తదైనా స్టాంపు లేకపోతే బ్రిటిష్ దీవుల్లో పెద్దదైన టోర్టోలాలో కూర్చుని ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకునే దారి వెతకాలి. ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) పెండింగులో ఉండి, ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నవాళ్లకి ఇంకా కష్టం. అడ్వాన్స్ పెరోల్, అంటే ముందే తీసుకోవాల్సిన ప్రయాణ అనుమతి, లేకుండా దేశం దాటితే గ్రీన్‌కార్డు దరఖాస్తే వదిలేసుకున్నట్టు లెక్కగడతారు. ఒక ప్లేటు లంచ్ కోసం.

దిగకుండా కేవలం నార్త్ డ్రాప్‌లో వేటాడి వచ్చేస్తే? స్టాంపు లేనివాళ్లెవరైనా నన్నడిగితే వద్దనే చెప్తాను. నడిసముద్రంలో సరిహద్దు గురించి వాదించుకునే అవసరం మీకెందుకు? ద్వీపానికి దక్షిణాన, ఇంకా దగ్గర్లో 'సౌత్ డ్రాప్' ఉంది, అది అమెరికా వైపే. మాహీ, వాహూ, ట్యూనా అక్కడా పడతాయి. బుక్ చేసేటప్పుడే "అమెరికా జలాల్లోనే ఉండాలి, ఎక్కడా దిగం" అని రాసి పంపండి.

మిగతావి గబగబా. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా 'క్రిస్మస్ గాలులు' అని గట్టిగా వీస్తాయి, కడుపులో తిప్పే అలవాటుంటే ముందు రాత్రే మాత్ర వేసుకోండి. జూన్ నుంచి నవంబరు తుపాన్ల కాలం, డబ్బు వాపసు షరతులు చదవకుండా అడ్వాన్సు కట్టకండి. డెక్ మీద పనిచేసే కుర్రాళ్లకి 15 నుంచి 20 శాతం టిప్పు ఆనవాయితీ, నగదు ఉంచుకోండి. పాస్‌పోర్టు, 797-ఏ జిప్‌లాక్ కవర్లో పెట్టండి, తుంపర ఊరుకోదు.

పట్టిన చేప ఎవరిదో కూడా ముందే మాట్లాడుకోవాలి. చాలా పడవల్లో చేప కెప్టెన్‌దే, మీకు వండుకోవడానికి సరిపడా ముక్కలు కోసిస్తారు. మార్లిన్ పడితే ఫొటో తీసుకుని వదిలేస్తారు, ఆశపడకండి. పెద్ద బారకుడా ఉచితంగా ఇచ్చినా వద్దనండి. ఆ జలాల్లో దానికి సిగ్వాటెరా అనే విషం ఉండొచ్చు, అది ఎంత ఉడికించినా పోదు. వాహూ దొరికితే మాత్రం వదలకండి. మన వంజరానికి దగ్గరి చుట్టం, పులుసుకి అచ్చం అలాగే నిలబడుతుంది. చింతపండు మోసుకెళ్లక్కర్లేదు, ఆ దీవుల్లో చింతచెట్లున్నాయి. కారం మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లండి.