క్లస్టర్‌లో మిస్టర్‌బేస్ నడిపేవాళ్లకు ఒక మాట

మిస్టర్‌బేస్ అంటే జన్యు సీక్వెన్సుల నుంచి వంశవృక్షాలు కట్టే ప్రోగ్రామ్; క్లస్టర్ అంటే అందరూ పంచుకునే కంప్యూటర్ల గుంపు, అక్కడ మన పనిని ‘జాబు’గా క్యూలో పెట్టాలి. రొయ్యల తెల్లమచ్చ వైరస్ సీక్వెన్సులతో వంశవృక్షాలు కట్టే మన నెల్లూరు, కావలి పిల్లలకు పనికొస్తుందని చెబుతున్నా. సీక్వెన్సులు ఉండే నెక్సస్ ఫైల్లో, ఆదేశాలు రాసే మిస్టర్‌బేస్ బ్లాక్ మొదట్లోనే ‘సెట్ ఆటోక్లోజ్=ఎస్ నోవార్న్=ఎస్’ అని పెట్టేయండి. లేదంటే అడిగిన జనరేషన్లన్నీ (లెక్కలో అడుగులు) అయ్యాక ‘ఇంకా నడపమంటారా?’ అని అడగొచ్చు. అర్ధరాత్రి క్యూలో నడుస్తున్న జాబుకి జవాబు చెప్పేదెవరు? పని అక్కడే ఆగిపోతుంది, కింద రాసుకున్న, ఫలితాలను క్రోడీకరించే ‘సంప్’, ‘సంట్’ ఆదేశాల దాకా పోనే పోదు.

కోర్లు (ప్రాసెసర్లు) కూడా ఎడాపెడా అడక్కండి. మామూలు సెట్టింగుల్లో 2 రన్లు, రన్‌కి 4 చెయిన్లు (పక్కపక్కనే సాగే లెక్కలు), అంటే మొత్తం 8 చెయిన్లు. పనిని చాలా కోర్లకు పంచే ఎంపీఐలో అంతకుమించి ప్రాసెస్‌లు ఇస్తే అసలు మొరాయిస్తుంది. 32 అడిగితే మిగిలేది క్యూలో ఎదురుచూపే. అందరూ లాగిన్ అయ్యే కంప్యూటర్ (లాగిన్ నోడ్) మీద మాత్రం నడపొద్దు, అందరి తిట్లూ తినాలి!

టైమ్ లిమిట్ దాటి జాబు మధ్యలో తెగిపోతే ఫైళ్లు తుడిచేయకండి. పని ఎంతవరకు వచ్చిందో దాచే చెక్‌పాయింట్ ఫైల్ ఉంటుంది కాబట్టి, లెక్క మొదలుపెట్టే ‘ఎంసీఎంసీ’ లైన్లో ‘అపెండ్=ఎస్’ చేర్చి మళ్లీ పంపితే ఆగినచోటి నుంచి అందుకుంటుంది. అది చేర్చకుండా పంపారో, హెచ్చరించొద్దని నోవార్న్ పెట్టారు కదా, పాత ఫైళ్ల మీదే అడక్కుండా రాసేస్తుంది.