స్కఫోల్డింగ్ టూల్ రాస్తున్నారా? స్టాక్‌కొక టెంప్లేట్ పెట్టకండి

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకి బిల్లింగ్, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపుకి సరుకు లెక్క, ఏదో కాలేజీకి ఫీజుల పోర్టల్... ఇక్కడి చిన్న టీములకి ఎక్కువగా వచ్చేవి ఇలాంటి పనులే. ప్రతిదానికీ ఫోల్డర్లు, లాగిన్, డేటాబేస్ కనెక్షన్, డాకర్ (యాప్‌ని ఏ మెషీన్ మీదైనా ఒకేలా నడిపే ఏర్పాటు) మళ్లీ మొదట్నుంచీ పెట్టుకోవాలి కాబట్టి, ఇదంతా తనే తయారుచేసిచ్చే సొంత స్కఫోల్డింగ్ టూల్ రాసుకోవాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ అందులో ఏయే స్టాక్‌లు (ప్రాజెక్టు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్‌లు, డేటాబేస్‌లు) ఉండాలి, వాటిని ఎలా కలపాలి అన్నది ముందే తేల్చుకోవాలి.

బ్యాకెండ్‌కి (సర్వర్ వైపు) జాంగో, లారావెల్, ఎక్స్‌ప్రెస్. ఫ్రంటెండ్‌కి (తెర మీద కనపడే వైపు) రియాక్ట్, వ్యూ, యాంగ్యులర్. డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ ఉన్నాయనుకోండి. కాంబినేషన్‌కొక టెంప్లేట్ రాస్తే 18 అవుతాయి, జాంగో సెట్టింగ్స్‌లో ఒక్క లైను మారినా ఆరు చోట్ల దిద్దాలి. అదే విడివిడి ముక్కలుగా రాస్తే మొత్తం 8 చాలు. ప్రతి ముక్కకీ ఒక చిన్న కాన్ఫిగ్ ఫైల్ పెట్టి, తను ఏమిస్తుందో, తనకేం కావాలో అందులో రాయండి. పోస్ట్‌గ్రెస్ ముక్క డేటాబేస్ ఇస్తుంది, జాంగో ముక్క డేటాబేస్ అడుగుతుంది, టూల్ ఆ రెండిటినీ జత చేస్తుంది, అంతే. టూల్ అసలు కోడ్‌లో ఎక్కడైనా "జాంగో అయితే ఇలా చెయ్యి" అన్న కండిషన్ కనపడిందంటే దాన్ని వెంటనే ఆ ముక్కలోకి పంపేయండి, లేకపోతే కొత్త స్టాక్ వచ్చినప్పుడల్లా ఆ అసలు కోడ్‌ని కెలకాల్సి వస్తుంది.

కష్టమంతా ఉమ్మడి ఫైళ్ల దగ్గర. డాకర్‌లో ఏమేం నడపాలో చెప్పే కంపోజ్ ఫైల్లో బ్యాకెండూ రాయాలి, డేటాబేసూ రాయాలి. ఇక్కడ టెక్స్ట్ అతికించకండి. యామల్, జేసన్ (కాన్ఫిగ్ ఫైళ్లు రాసే ఫార్మాట్లు) ఫైళ్లని పార్స్ చేసి, డేటాగా కలిపి, తిరిగి రాయండి. రెండు ముక్కలు ఒకే పోర్ట్ అడిగితే ఏ ముక్కకీ ఏ ముక్కకీ గొడవో పేర్లతో సహా చెప్పి ఆగిపోవాలి.

వెర్షన్లు కూడా కాన్ఫిగ్‌లోనే ఉండాలి. జాంగో 5.2కి కనీసం పైథాన్ 3.10, పోస్ట్‌గ్రెస్ వాడితే 14 కావాలి. ఇది ఒక్క ఫైలు కూడా రాయకముందే చెక్ చేయాలి, సగం ప్రాజెక్టు తయారయ్యాక ఎర్రర్ వస్తే కొత్తగా చేరిన ఫ్రెషర్‌కి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. జావా స్ప్రింగ్ బూట్ ప్రాజెక్టులు తయారుచేసిచ్చే స్ప్రింగ్ ఇనిషియలైజర్‌ని చూడండి, ప్రతి డిపెండెన్సీకీ ఏ స్ప్రింగ్ బూట్ వెర్షన్ల మధ్య పనిచేస్తుందో రేంజ్ ఇచ్చే ఏర్పాటు అందులో ఉంది.

ఇక ఏ స్టాక్ పెట్టాలి? టీములో ఎవరికి ఏది ఇష్టమని కాదు, క్లయింటు దాన్ని ఎక్కడ నడుపుతాడో చూడండి. చవక షేర్డ్ హోస్టింగే అయితే పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ దొరకడం తేలిక, కాబట్టి లారావెల్‌ని చిన్నచూపు చూడొద్దు. చూసుకునే మనిషి లేని స్టాక్‌ని మాత్రం ఎవరడిగినా కలపకండి. రోజూ రాత్రి సీఐలో (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసి టెస్ట్ చేసే ఏర్పాటు) చెల్లే కాంబినేషన్లన్నీ తయారుచేసి, బిల్డ్ చేసి, సర్వర్ లేపి, ఒక్క లాగిన్ టెస్టయినా నడపాలి. ఫెయిలైతే మెసేజ్ ఎవరికెళ్లాలో ఆ పేరు కూడా కాన్ఫిగ్‌లోనే ఉండాలి.

యూజర్ ఇచ్చిన జవాబులు, టెంప్లేట్ వెర్షన్ ప్రాజెక్టులోనే ఒక ఫైల్లో దాచండి. కాపియర్ అనే స్కఫోల్డింగ్ టూల్ అలాగే చేస్తుంది, అందుకే పాత ప్రాజెక్టులకి తర్వాత వచ్చిన మార్పులు కూడా తేగలుగుతుంది. అలాంటిదే మరో టూల్ కుకీకట్టర్‌లో ఆ సదుపాయం సొంతంగా లేదు.

స్టాక్‌ని తీసేసే దారి కూడా మొదట్లోనే పెట్టుకోండి. రియాక్ట్ ప్రాజెక్టులు మొదలుపెట్టడానికి అంత వాడిన క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌ని కూడా 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమ్ పక్కన పెట్టేసింది. కాన్ఫిగ్‌లో "ప్రయోగం", "సపోర్ట్ ఉంది", "ఆపేశాం" అని మూడు స్థితులు చాలు. ఆపేసినది కొత్త ప్రాజెక్టుల లిస్టులో కనపడకూడదు, కానీ పాత ప్రాజెక్టుల అప్‌డేట్ నడుస్తూనే ఉండాలి.