గర్భం పోయిన తరువాత మళ్లీ ప్రయత్నించే ముందు

గర్భం నిలవక పోయిన ఇంట్లో పది రోజులు తిరగకముందే సలహాలు మొదలవుతాయి. ఒకరు ఏడాదైనా ఆగమంటారు, మరొకరు వెంటనే నెల తప్పితే మనసు కుదుటపడుతుందంటారు. గర్భం ఏ రకంగా, ఎన్నో వారంలో పోయిందో తెలిస్తే తప్ప ఎంతకాలం ఆగాలన్నది తేలదు. కాబట్టి డిశ్చార్జి కాగితం, స్కానింగ్ రిపోర్టులు, ల్యాబుకు పంపి ఉంటే బయాప్సీ రిపోర్టు అన్నీ ఒకే కవరులో పెట్టుకుని, రెండు మూడు వారాల తరువాత వైద్యురాలిని కలవడం మొదటి పని.

మొదటి మూడు నెలల్లో, ఇతర చిక్కులేవీ లేకుండా పోయిన గర్భమైతే చాలామందికి నెలల తరబడి ఆగవలసిన అవసరం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకప్పుడు ఆరు నెలలు ఆగమని సూచించింది. అయితే స్కాట్లాండులో 30 వేల మందికి పైగా స్త్రీల వివరాలను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు నెలల లోపే మళ్లీ గర్భం దాల్చినవారికి ఇంకా ఆగినవారి కంటే మెరుగైన ఫలితాలే కనిపించాయి. రక్తస్రావం పూర్తిగా ఆగేవరకు కలయికకు దూరంగా ఉండాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం ఉంది. జ్వరం, దుర్వాసన, తగ్గని కడుపునొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నెలసరి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో వస్తుంది. అండం మాత్రం రెండు వారాలకే విడుదల కావచ్చు కనుక, ఇంకా సిద్ధంగా లేనివారు ఆలోగానే గర్భనిరోధక పద్ధతిని అడిగి తెలుసుకోవాలి. ఒక నెలసరి చూసి ప్రయత్నిస్తే తరువాతి గర్భానికి వారాలు లెక్కించడం తేలికవుతుంది.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఆగి తీరాలి. ముత్యాల గర్భమని (బిడ్డకు బదులు మావి కణాలు నీటిబుడగల గుత్తిలా పెరగడం) రిపోర్టులో ఉంటే, రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భపు హార్మోను మామూలు స్థాయికి వచ్చి, వైద్యులు సరేననేవరకు ప్రయత్నించకూడదు. ట్యూబులో గర్భానికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ తీసుకున్నవారు కనీసం మూడు నెలలు ఆగాలి. నాలుగైదు నెలలు నిండిన తరువాత గర్భం పోయినవారు ముందుగా కారణం వెతికించుకోవాలి.

గర్భం పోయిన కొన్ని వారాల వరకు ఇంట్లో చేసుకునే పరీక్షలో రెండో గీత కనిపించవచ్చు. నాకు పద్దెనిమిదో రోజున లేత గులాబీ రంగులో, కిటికీ దగ్గర పెట్టి చూస్తే తప్ప తెలియనంత పలుచగా వచ్చింది. అది పాత గర్భం తాలూకు హార్మోను. ఆ గీతను చూసి ఆశ పెట్టుకుని మళ్లీ కుంగిపోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కనుక, పరీక్ష నెగటివ్ వచ్చాకే లెక్క మొదలుపెట్టమని చెబుతున్నాను.

పలకరించడానికి వచ్చినవారు బస్సు ప్రయాణాన్నో, బిందె ఎత్తడాన్నో, ఎవరి దిష్టినో తప్పుపడతారు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. ఆ లోపం సాధారణంగా పిండం ఏర్పడేటప్పుడే వస్తుంది, తల్లి చేసిన పనుల వల్ల కాదు. ఈ మాట అత్తగారికి, అమ్మకు భర్తే చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ప్రయత్నించే నెలకు కనీసం ఒక నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ వేసుకోవాలి. మధుమేహం ఉన్నవారికి, మూర్ఛకు మందులు వాడేవారికి ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించుకోవాలి. నెగటివ్ బ్లడ్ గ్రూపు ఉంటే, తరువాతి బిడ్డకు రక్షణగా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో కాగితంలో చూసుకోవాలి. రుబెల్లా టీకా వేయించుకుంటే ఒక నెల ఆగాలి. మొటిమలకు, బీపీకి, మూర్ఛకు వాడే కొన్ని మందులు బిడ్డకు హాని చేస్తాయి కనుక వైద్యురాలికి చూపించాలే గాని, సొంతంగా ఆపకూడదు. పొగాకు, గుట్కా, మద్యం భర్త కూడా మానాలి. అండం తరువాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు విడుదలవుతుంది. దానికి ముందు అయిదారు రోజులు రోజు విడిచి రోజు కలిస్తే సరిపోతుంది.

రెండు సార్లు, అంతకంటే ఎక్కువ సార్లు గర్భం పోతే పరీక్షలు అడగాలి. రక్తం గడ్డకట్టే ధోరణిని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల పరీక్షను 12 వారాల తేడాతో రెండుసార్లు చేస్తారు. ఆ లోపం తేలితే ఆస్పిరిన్, హెపారిన్‌లతో చికిత్స ఉంది. మేనరికమైతే ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

దుఃఖం తగ్గకుండా నిద్ర, తిండి దెబ్బతింటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. భయంతో కొన్ని నెలలు వాయిదా వేసుకోవడంలోనూ తప్పు లేదు.

మళ్లీ నెల తప్పితే తొందరపడి అయిదో వారంలోనే స్కానింగుకు పరుగెత్తవద్దు. గుండె చప్పుడు కనిపించే వయసు రాకముందు చేసిన స్కానింగ్ అనవసరమైన దిగులునే మిగిలిస్తుంది. ఏడో వారం వరకు ఆగడం మేలు. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం క్షణం ఆగకూడదు. రక్తం కనిపిస్తే, గర్భం నిలవడానికి తోడ్పడే ప్రొజెస్టెరాన్ హార్మోను మందు అవసరమా అని వైద్యురాలిని అడగాలి. మంచం దిగకుండా పడుకున్నంత మాత్రాన గర్భం నిలుస్తుందన్నదానికి ఆధారం లేదు. స్కానింగుకు ఒంటరిగా వెళ్లకుండా, ఆ పాత కవరు వెంట తీసుకెళ్లి, గదిలోకి అడుగుపెట్టగానే జరిగిన సంగతి చెప్పాలి. అప్పుడు స్కానింగ్ చేసేవారు తెర వైపు మౌనంగా చూస్తూ ఉండిపోకుండా, కనిపిస్తున్నది వెంటనే చెబుతారు.